వారెన్స్‌బర్గ్‌లో ఏముందన్నా? కొత్తగా వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి అమెరికాలోని వారెన్స్‌బర్గ్‌లో చదువుకోడానికి మనవాళ్ల కొత్త బ్యాచ్ దిగుతుంది. దిగిన వారానికల్లా నా ఫోన్‌కి అవే సందేహాలు వస్తాయి. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం), బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు సంగతులు చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. "మరి శనివారం ఏం చేయాలన్నా?" అంటే మాత్రం "ఆ ఊళ్లో ఏముంది, పడుకో" అనేవాళ్లే ఎక్కువ. నేను రెండేళ్లు అక్కడ చదివి, ఇప్పుడు కాన్సాస్ సిటీలో ఉద్యోగం చేస్తూ, నెలకోసారైనా ఆ ఊరికి వెళ్లొస్తుంటాను. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, వరసగా చదవక్కర్లేదు.

## రాకముందు

ఊరు ఎక్కడుంది? ఎంత ఉంటుంది?

మిస్సోరీ రాష్ట్రంలో పడమటి వైపు ఉంది. జాన్సన్ కౌంటీకి ఇదే ముఖ్యపట్టణం. జనాభా దాదాపు 20 వేలు, అందులో యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ విద్యార్థులే పెద్ద వాటా. కాన్సాస్ సిటీ నుంచి 50వ నంబరు హైవే మీద తూర్పుకి గంట ప్రయాణం. మన లెక్కలో ఒక మోస్తరు మండల కేంద్రం అనుకోండి. ఈ చివర నుంచి ఆ చివరకి కారులో పది నిమిషాలు పడుతుంది, దారిలో గూడ్సు బండి అడ్డం పడితే ఇంకాస్త ఎక్కువ.

అక్కడ ఏమీ ఉండదట కదా?

అమీర్‌పేటలో ఉన్నవేవీ ఉండవు, అది నిజమే. రాత్రి పదకొండుకి బయటికొచ్చి టీ తాగే కొట్టు ఉండదు. మాల్స్ ఉండవు. కానీ ఈ ఊరికి సంబంధించి "ఏముంది" అని కాదు, "ఎప్పుడు ఏముంది" అని అడగాలి. అక్టోబరు శనివారం, ఫిబ్రవరి శనివారం చూస్తే రెండూ ఒకే ఊరని అనిపించదు. పెద్ద నగరంలో ఎప్పుడు బయటికెళ్లినా ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక్కడ మీరే కాలాన్ని పట్టుకోవాలి. నా మొదటి సెమిస్టరంతా గదిలో సినిమాలు చూస్తూ పోగొట్టుకున్నాను, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

కారు లేకుండా గడుస్తుందా?

చదువుకి గడుస్తుంది, సరదాకి కొంతవరకే. క్యాంపస్, డౌన్‌టౌన్, రైల్వే స్టేషన్, లైబ్రరీ అన్నీ నడిచేంత దూరమే. వాల్‌మార్ట్‌కి వెళ్లడానికీ, ఊరి బయటి పార్కులకీ కారున్న స్నేహితుడో సైకిలో కావాలి. క్యాబ్ పిలవగానే వస్తుందని నమ్ముకోవద్దు. పాత సైకిల్ ఒకటి కొనుక్కుంటే మార్చి నుంచి నవంబరు దాకా సగం టెన్షన్ తగ్గిపోతుంది.

డేల్ కార్నెగీ ఇక్కడే చదివాడంటారు, నిజమేనా?

నిజమే. మన బస్టాండు పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం అరలో కనిపించే ఆయనే. ఈ కాలేజీ 1871లో టీచర్లను తయారుచేసే బడిగా మొదలైంది. ఆయన 1908 దాకా ఇక్కడ చదివాడు. ఊళ్లో ఉండి చదివే స్తోమత లేక, తల్లిదండ్రుల పొలం నుంచి గుర్రం మీద వచ్చి పోయేవాడు. ఉపన్యాస పోటీల్లో మొదట ఓడిపోయి, తర్వాత గెలిచింది కూడా ఇక్కడే. సెమినార్‌లో నోరు పెగలనప్పుడు ఇది గుర్తొస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది.

## దిగాక మొదటి నెల

మొదటి శనివారం ఎక్కడికి వెళ్లాలి?

నడవండి. క్యాంపస్ నుంచి హోల్డెన్ స్ట్రీట్ పట్టుకుని ఉత్తరంగా వెళ్తే డౌన్‌టౌన్ వస్తుంది. పైన్ స్ట్రీట్‌లో కుర్రకారు సందడి ఉంటుంది. బార్లలో మందు తాగాలంటే 21 నిండాలి, ఐడీగా పాస్‌పోర్టు చూపాల్సి రావచ్చు. పట్టాల పక్కన ఇసుకరాతితో కట్టిన పాత రైల్వే స్టేషన్ ఉంది. పట్టాలు దాటితే కోర్టు, దాని ముందు కుక్క విగ్రహం కనిపిస్తాయి. ఇంకాస్త పడమరకి మెయిన్ స్ట్రీట్‌లో పాత కోర్టు ఉంది, దాన్నిప్పుడు జిల్లా చరిత్ర సంఘం చూసుకుంటోంది. మొత్తం రెండు గంటల పని. వేసవి శనివారమైతే పొద్దున్నే బయల్దేరండి. రైతుల సంతలో బెండకాయలు దొరుకుతాయి, సూపర్ మార్కెట్‌లో దొరికే ముదురు సరుకు కాదు.

కోర్టు ముందు ఆ కుక్క విగ్రహం ఏంటి?

దాని పేరు ఓల్డ్ డ్రమ్. చార్లెస్ బర్డెన్ అనే రైతు వేటకుక్క. 1869 అక్టోబరులో పక్క పొలంలో దాన్ని కాల్చి చంపారు. ఆ పొలం లియొనిడాస్ హార్న్స్‌బీది. ఇద్దరూ చుట్టాలు, వరసకి బావా బావమరుదులు. కుక్కలు తన గొర్రెల్ని చంపుతున్నాయని, పొలంలోకి వచ్చే కుక్క దేన్నైనా కాలుస్తానని హార్న్స్‌బీ అప్పటికే ఒట్టు పెట్టుకున్నాడు. బర్డెన్ దావా వేశాడు. చుట్టాల మధ్య పంతం పడితే ఏమవుతుందో మనకి తెలిసిందేగా. కేసు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకి తిరుగుతూ నాలుగుసార్లు విచారణకి వచ్చింది.

చివరి విచారణ 1870 సెప్టెంబరు 23న ఈ ఊరి పాత కోర్టులో జరిగింది. బర్డెన్ తరఫున జార్జ్ గ్రాహమ్ వెస్ట్ అనే లాయరు లేచి, సాక్ష్యాల ఊసే ఎత్తకుండా, కుక్క విశ్వాసం గురించి మాట్లాడాడు. అందరూ వదిలేసినా, ఆస్తి పోయినా, పరువు పోయినా కుక్క మాత్రం యజమానిని వదలదనీ, చివరికి సమాధి పక్కన కూడా కాపలా ఉంటుందనీ ఆయన మాట్లాడిన మాటల సారం. జ్యూరీ కరిగిపోయింది, బర్డెన్ 50 డాలర్లు గెలిచాడు. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లినా తీర్పు మారలేదు. వెస్ట్ తర్వాత అమెరికా సెనేటర్ అయ్యాడు.

విగ్రహం 1958లో పెట్టారు. కింద రాతి మీద ఆ ఉపన్యాసం చెక్కి ఉంది. ఫొటో దిగేసి వెళ్లిపోకండి, నిలబడి మొత్తం చదవండి. చదివాక పాత కోర్టుకి వెళ్తే ఆ గది ఎంత చిన్నదో చూసి ఆశ్చర్యపోతారు. తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి.

ఎక్కడ చూసినా గాడిద బొమ్మ టీ షర్టులే, ఎందుకు?

అది గాడిద కాదు, కంచర గాడిద. ఇంగ్లీషులో మ్యూల్. యూనివర్సిటీ మగవాళ్ల జట్ల పేరు మ్యూల్స్, ఆడవాళ్ల జట్ల పేరు జెన్నీస్. మిస్సోరీ కంచర గాడిదలకి ఒకప్పుడు దేశమంతా గిరాకీ ఉండేది, 1995లో రాష్ట్ర జంతువుగా కూడా ప్రకటించారు. మన ఇళ్లలో ఇది తిట్టు, ఇక్కడ గర్వంగా గుండె మీద వేసుకుంటారు. నేను వేసుకుని వీడియో కాల్ చేస్తే మా అమ్మ "ఇన్నాళ్లకి సరైనది కొన్నావు" అంది.

ముక్కూ మొహం తెలియనివాళ్లు పలకరిస్తున్నారు, ఏం చేయాలి?

తిరిగి పలకరించండి, అంతే. "హౌ ఆర్ యూ" అంటే మీ ఆరోగ్యం వివరంగా చెప్పాలని కాదు. పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే కారాయన స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతాడు, అది నమస్కారం.

డబ్బు ఖర్చు కాకుండా కాసేపు ఎక్కడ గడపొచ్చు?

క్యాంపస్‌కి దక్షిణాన పెర్టిల్ స్ప్రింగ్స్ ఉంది. దాదాపు 300 ఎకరాల స్థలం, యూనివర్సిటీదే. వంద సంవత్సరాల క్రితం అది ఔషధ గుణాలున్న ఊటనీళ్ల కోసం జనం వచ్చే విడిది, ఊళ్లోంచి చిన్న రైలు కూడా నడిచేది. ఇప్పుడు చెట్ల మధ్య నడక దారులు, చెరువు, గోల్ఫ్ కోర్సు ఉన్నాయి. అక్టోబరు మూడో వారంలో సాయంత్రం నాలుగింటికి వెళ్లండి, ఆకులన్నీ రంగు మారి ఉంటాయి.

కేవ్ హాలో పార్కులో ఇసుకరాతి గుట్టలు, ఒక చిన్న గుహ ఉన్నాయి. ట్రెయిల్స్ రీజినల్ లైబ్రరీలో కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, చలికాలంలో అదొక వరం.

నాకు మాత్రం బ్లైండ్ బూన్ పార్కు ఇష్టం. జాన్ విలియం బూన్ 1864లో పుట్టాడు, తల్లి బానిసత్వం నుంచి బయటపడిన మనిషి. పసితనంలోనే జబ్బు చేసి రెండు కళ్లూ పోయాయి. ఈ ఊళ్లోనే పెరిగాడు, ఊరివాళ్లు చందాలు వేసుకుని అంధుల బడికి పంపారు. తర్వాత దేశమంతా తిరిగి కచేరీలు చేసిన పియానో విద్వాంసుడయ్యాడు. వర్ణవివక్ష రోజుల్లో నల్లజాతి కుటుంబాలకి విడిగా ఇచ్చిన పార్కు ఇది. పాడుబడితే ఊరివాళ్లే పూనుకుని బాగుచేశారు. చూపు లేనివాళ్లు తాకి, వాసన చూసి ఆనందించేలా మొక్కలు పెట్టారు. ఓసారి కళ్లు మూసుకుని ఆకులు నలిపి చూడండి.

సైరన్ మోగితే భయపడాలా?

కొన్ని రోజుల్లో పరీక్ష కోసం మోగిస్తారు, పక్కింటివాళ్లని అడిగితే చెప్తారు. ఆకాశం నల్లబడి మోగితే మాత్రం టోర్నడో హెచ్చరిక. బేస్‌మెంట్‌లోకి, అది లేకపోతే కింది అంతస్తులో కిటికీల్లేని గదిలోకి వెళ్లండి. వీడియో తీయడానికి బాల్కనీలోకి పోవద్దు.

## కాలాన్ని బట్టి

వేసవి సాయంత్రాలు ఎలా గడపాలి?

జూన్‌లో ఎనిమిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. క్లాసయ్యాక టెన్నిస్ బంతితో ఒక మ్యాచ్ పూర్తిగా ఆడుకోవచ్చు, ఓడినవాళ్లు ఇంకోటి అడిగేంత టైం కూడా ఉంటుంది. చీకటి పడే వేళకి గడ్డిలోంచి మిణుగురులు లేస్తాయి. ఒకటీ రెండూ కాదు, మైదానమంతా. మొదట నేల దగ్గర వెలుగుతాయి, కాసేపటికి చెట్ల కొమ్మల దాకా చేరతాయి. వాటికోసం ప్రత్యేకంగా ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, అపార్ట్‌మెంట్ వెనక లైట్లు లేని చోట నిలబడితే చాలు. దోమల మందు రాసుకోండి.

చేపలు పట్టొచ్చా?

పట్టొచ్చు, పర్మిట్ ఉండాలి. 16 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లకి అది తప్పనిసరి. ఒక్క రోజుకి కూడా దొరుకుతుంది, ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. జూన్‌లో రెండో సోమవారం తర్వాత వచ్చే శని, ఆదివారాల్లో పర్మిట్ లేకుండానే పట్టనిస్తారు. పట్టినదాన్ని తిరిగి నీళ్లలో వదిలేసేవాళ్లే చాలామంది. మా గదిలో శాకాహారికే అందరికంటే ఎక్కువ పడేవి.

అడవిలో నడవాలంటే పాములు, జంతువుల భయం ఉందా?

వాటికంటే పిడుదులతోనే జాగ్రత్త. తూర్పున పది మైళ్లలో నాబ్ నాస్టర్ స్టేట్ పార్కు ఉంది. ఇక్కడి స్టేట్ పార్కుల్లో ప్రవేశ రుసుము ఉండదు కాబట్టి విద్యార్థులు తరచూ వెళ్తారు. ప్యాంటు మేజోళ్లలోకి దోపుకోండి. ఇంటికొచ్చి స్నానం చేస్తూ మోకాలి వెనక, చెవుల వెనక, నడుము దగ్గర తడిమి చూసుకోండి. నాకొకసారి మోకాలి వెనక నువ్వుగింజంత పుట్టుమచ్చ కొత్తగా కనిపించింది. గోకితే కాళ్లు కదిపింది. పట్టకారుతో తల దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి, నలపకూడదు.

మూడేసి ఆకులుండే తీగని ముట్టుకోవద్దు, పాయిజన్ ఐవీ అయితే వారం రోజులు దురద. చెట్లకీ కంచె గుంజలకీ ఊదారంగు పెయింట్ గీత కనిపిస్తే అక్కడే ఆగిపోండి. మిస్సోరీ చట్టం ప్రకారం "ప్రవేశం లేదు" అనే బోర్డుకీ దానికీ తేడా లేదు. నవంబరులో తుపాకులతో జింకల వేట సాగుతుంది, ఆ రోజుల్లో నారింజరంగు చొక్కా వేసుకోకుండా అడవి దారుల్లోకి వెళ్లకండి.

ఇక్కడి అడవుల్లో సీతాఫలం దొరుకుతుందని విన్నాను, నిజమా?

సీతాఫలం కాదు, దాని చుట్టం. పాపా అంటారు, బొప్పాయితో సంబంధం లేదు. వృక్షశాస్త్రం ప్రకారం సీతాఫలం కుటుంబానిదే, 2019లో మిస్సోరీ రాష్ట్ర పండ్ల చెట్టు అయింది. సెప్టెంబరులో వాగుల పక్కన నీడలో పండుతుంది. కాయ పచ్చగా, చిన్న మామిడికాయంత ఉంటుంది. నొక్కితే మెత్తగా ఉంటే పండినట్టు. చీలిస్తే పసుపుపచ్చ గుజ్జు, రెండు వరసల్లో పెద్ద నల్లటి గింజలు. రుచి సగం అరటి, సగం మామిడి. రెండు రోజుల్లో నల్లబడిపోతుంది కాబట్టి దుకాణాల్లో కనపడదు. తొక్కా గింజలూ తినకూడదు. మొదటిసారి కొంచెమే తినండి, కొందరి కడుపుకి పడదు.

డిసెంబరు నుంచి మార్చి దాకా ఏం చేస్తారు?

బాస్కెట్‌బాల్ చూస్తారు. డివిజన్ 2లో (కాలేజీ జట్ల పోటీల్లో రెండో శ్రేణి) 1984లో ఇక్కడి మగవాళ్ల జట్టు, ఆడవాళ్ల జట్టు రెండూ ఒకే ఏడాది జాతీయ చాంపియన్లు. 2014లో మగవాళ్లు, 2018లో ఆడవాళ్లు మళ్లీ గెలిచారు. ఆట తెలియకపోయినా రెండు మ్యాచులకి పట్టుబడిపోతుంది. మంచు బాగా పడిన రోజు పిల్లలు ఏ గుట్ట మీదికి వెళ్తున్నారో చూసి, వాల్‌మార్ట్‌లో ప్లాస్టిక్ స్లెడ్ కొనుక్కుని వాళ్ల వెనకే వెళ్లండి. సిగ్గుపడకండి, పెద్దవాళ్లూ జారుతారు.

## ఊరు దాటి

రైలెక్కి కాన్సాస్ సిటీ చూసి అదే రోజు రావచ్చా?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. మిస్సోరీ రివర్ రన్నర్ అనే ఆమ్‌ట్రాక్ రైలు రోజూ రెండేసి సార్లు అటూ ఇటూ నడుస్తుంది. నేనున్నప్పుడు కాన్సాస్ సిటీ వైపు బళ్లు మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి వచ్చేవి. మూడు గంటలకి దిగి, "ఊరు చూద్దాం" అనుకునేసరికి తిరుగు ప్రయాణానికి చివరి బండి నాలుగింటికి ఉందని తెలిసింది. యూనియన్ స్టేషన్ హాల్లో వేలాడే పెద్ద గడియారం కింద నిలబడి, దాన్నే చూసి వచ్చేశాను.

అదే రైలు తూర్పుకైతే చక్కగా కుదురుతుంది. పొద్దున్న ఎక్కి, రెండు గంటల్లో రాజధాని జెఫర్సన్ సిటీలో దిగి, నడిచి క్యాపిటల్ భవనానికి, అంటే రాష్ట్ర శాసనసభకి వెళ్లొచ్చు. ప్రవేశం ఉచితం. హౌస్ లాంజ్ గోడల నిండా థామస్ హార్ట్ బెంటన్ 1936లో పూర్తిచేసిన కుడ్యచిత్రాలు ఉన్నాయి. నాయకులనే కాదు, ఆవు పాలు పితికేవాళ్లని, పిల్లాడి డైపర్ మార్చే తల్లిని కూడా వేసినందుకు అప్పట్లో గొడవైంది. సాయంత్రం బండికి తిరిగొచ్చేయొచ్చు. వేళలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు రెండు వైపులా చూసుకోండి.

స్టేట్ ఫెయిర్ అంత గొప్పగా ఉంటుందా?

ఉంటుంది, ఒక్కసారైనా వెళ్లాలి. ముప్పై మైళ్ల దూరంలో సెడేలియాలో 1901 నుంచి జరుగుతున్న తిరునాళ్ల ఇది. ఆగస్టులో 11 రోజులు. సరిగ్గా కొత్త బ్యాచ్ దిగే వేళ. పశువుల పోటీలు, ట్రాక్టర్ పందేలు, జెయింట్ వీల్, వెన్నతో నిలువెత్తున చేసిన ఆవు బొమ్మ. పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లు పశువుల షెడ్డు దగ్గర ఆగిపోతారు. ఒంగోలు గిత్తలు చూసిన కళ్లకి కూడా అక్కడి ఎద్దులు పెద్దవిగానే కనిపిస్తాయి. ఎండ మాడ్చేస్తుంది, టోపీ మరవద్దు.

మంచి సైకిల్ దారి ఉందా?

ఊరికి దక్షిణాన రాక్ ఐలాండ్ స్పర్ ఉంది. పాత రైలు పట్టాలు తీసి వేసిన 47 మైళ్ల సైకిల్ దారి, 2016 డిసెంబరులో తెరిచారు. లీటన్, చిల్‌హౌవీ ఊళ్ల మీదుగా పోతుంది. విండ్సర్ దగ్గర రాష్ట్రం సగం మీద పరుచుకున్న 240 మైళ్ల కేటీ ట్రెయిల్‌లో కలుస్తుంది. రైలు దారి కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలుండవు. నీళ్లు, పంక్చర్ సామాను మీవి మీరే తీసుకెళ్లండి, దారిలో దుకాణాలు తక్కువ.

నల్లటి గబ్బిలంలాంటి విమానం కనిపించింది, ఏంటది?

బీ-2 బాంబర్. పక్కనే ఉన్న వైట్‌మన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ వాటి స్థావరం. మొత్తం తయారైనవే 21, మొదటిది 1993 డిసెంబరులో ఇక్కడికొచ్చింది. ఊళ్లో నిలబడి చూడండి, ఎవరూ ఏమీ అనరు. బేస్ కంచె దగ్గర తచ్చాడటం, డ్రోన్ ఎగరేయడం మాత్రం పొరపాటున కూడా వద్దు. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ సరదా అక్కర్లేదు. కొన్నేళ్లకోసారి బేస్‌లో ఎయిర్ షో పెట్టి జనాన్ని లోపలికి పిలుస్తారు, అప్పుడు దర్జాగా వెళ్లండి.

కాన్సాస్ సిటీకి కారులో వెళ్తే ఒక్క రోజులో ఏం చూడాలి?

పొద్దున షానీలోని హిందూ దేవాలయం, మధ్యాహ్నం ఓవర్‌లాండ్ పార్క్‌లో మన భోజనం, ఇండియన్ స్టోర్‌లో సరుకులు, సాయంత్రం నెల్సన్-అట్కిన్స్ మ్యూజియం. మ్యూజియం ప్రవేశం ఉచితం. బయట పచ్చిక మీద దాదాపు 18 అడుగుల షటిల్ కాక్ శిల్పాలు నాలుగు పడి ఉంటాయి, మ్యూజియం భవనమే నెట్ అన్నట్టు. గోపీచంద్, సింధు ఊళ్ల నుంచి వచ్చిన మనం అక్కడ ఫొటో దిగకుండా ఎలా వస్తాం?

## అమ్మానాన్న వచ్చినప్పుడు

పెద్దవాళ్లని ఎక్కడికి తీసుకెళ్లాలి?

కింగ్స్‌విల్ దగ్గర, 50వ నంబరు హైవే మీదే పావెల్ గార్డెన్స్ ఉంది. 970 ఎకరాల తోట, టికెట్ ఉంటుంది. మధ్యలో కలపా గాజుతో కట్టిన ప్రార్థనా మందిరం ఉంది, నీళ్ల పక్కన నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. మే చివర, జూన్ మొదట్లో వెళ్తే ఎండ నెత్తికెక్కదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని నడిపించేముందు లోపల తిప్పే వాహనం ఉందేమో కౌంటర్‌లో అడగండి.

నేను క్లాసుకెళ్తే వాళ్లకి తోచదేమో?

నాకూ అదే బెంగ ఉండేది. అమ్మ సంతలో ఒక పెద్దావిడ దగ్గర బెండకాయలు ఏరింది. ఇక్కడ ఏరనివ్వరేమోనని నేను కంగారు పడుతుంటే, ఒకరి భాష ఒకరికి రాకుండానే ఇద్దరూ కొనలు విరిచి లేతవి చూసుకున్నారు. నాన్న మాత్రం రెండు రోజులు ముభావంగా కూర్చున్నారు. మూడో రోజు స్టేషన్ పక్క బెంచీ మీద వదిలి క్లాసుకెళ్లాను. తిరిగొచ్చేసరికి గూడ్సు బండి ఒకటి పోతోంది, ఆయన వేలితో పెట్టెలు లెక్కపెడుతున్నారు. నేను పలకరించేసరికి నూట పన్నెండు దగ్గర లెక్క తప్పింది. "రేపు కాస్త ఆలస్యంగా రా" అన్నారు.